లిఫ్ట్ కిట్ లేకుండా పికప్‌కి పెద్ద టైర్లు: శ్రీకాకుళం, విజయనగరం బండి యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానం జీడితోటల ఇసుక దారుల్లో, టెక్కలి గ్రానైట్ క్వారీల దగ్గర, చీపురుపల్లి చుట్టుపక్కల గెడ్డలు దాటే మట్టిరోడ్ల మీద తిరిగే పికప్‌లకి టైర్లు అరిగిన ప్రతిసారీ ఒక మాట వస్తుంది: "ఎలాగూ మారుస్తున్నాం కదా, ఈసారి కాస్త పెద్దవి వేయిస్తే?" వేయించవచ్చు. కానీ ఎంత పెద్దవి, ఏ బండికి, ఏ పనికి అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. డబ్బు కట్టేశాక స్టీరింగు తిప్పితే టైరు రేకుకి తగులుతోందని తెలియడం కన్నా ముందే టేపు పట్టుకుని కొలుచుకోవడం నయం.

లిఫ్ట్ కిట్ (సస్పెన్షన్ మార్చి బండిని ఎత్తు లేపే సామాను) వేయకుండా ఎంత పెద్ద టైరు పడుతుంది?

కంపెనీ టైరు మొత్తం ఎత్తు మీద 3 శాతం వరకు పెరిగితే చాలా పికప్‌లకి ఇబ్బంది ఉండదు. 3 నుంచి 5 శాతం మధ్య అయితే ముందు చక్రం లోపల ప్లాస్టిక్ లైనర్‌కో, మడ్ ఫ్లాప్‌కో తగులుతుంది. అక్కడక్కడ కోతలు, సర్దుబాట్లు తప్పవు. 5 శాతం దాటితే లిఫ్ట్ లేకుండా వేయొద్దు. బండి ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు ఎంత టైరైనా పట్టినట్టే కనిపిస్తుంది. లోడు పడి సస్పెన్షన్ దిగి, స్టీరింగు పూర్తిగా తిరిగి, ఒక చక్రం గోతిలో పడినప్పుడు, ఈ మూడూ ఒకేసారి జరిగినప్పుడు మిగిలే జాగాయే అసలు జాగా.

టైరు మీద అంకెల్ని బట్టి ఎత్తు ఎలా లెక్క కట్టాలి?

255/60 ఆర్18 తీసుకుందాం. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 153 మి.మీ. 18 అంటే రిమ్ము అంగుళాల్లో. రిమ్ముకి పైనా కిందా పక్కగోడ ఉంటుంది కాబట్టి 153ని రెండింతలు చేస్తే 306. 18ని 25.4తో గుణిస్తే 457. రెండూ కలిపితే 763 మి.మీ. అదీ టైరు మొత్తం ఎత్తు.

ఇదే పద్ధతిలో 265/65 ఆర్18 లెక్క కడితే 802 వస్తుంది. తేడా 39 మి.మీ., అంటే 5 శాతం. కానీ బండి లేచేది ఇందులో సగమే, ఎందుకంటే యాక్సిల్ ఉండేది చక్రం మధ్యలో. రెండు వేళ్ల ఎత్తు కూడా కాదు, 19 మి.మీ. మాత్రమే. ఎత్తు కోసమే టైర్లు మార్చాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. అరిగిపోయిన టైరు పక్కన కొత్త టైరు నిలబెట్టి పోల్చొద్దు, అరుగుదలే 15 మి.మీ. దాకా తేడా చూపిస్తుంది.

మా బండికి ఏ సైజు?

255/60 ఆర్18తో వచ్చే ఇసుజు వి-క్రాస్‌కి 265/60 ఆర్18 వేస్తే పెరిగేది 1.6 శాతమే, నిశ్చింతగా ఉండొచ్చు. 255/65 ఆర్18 అయితే 789 మి.మీ., 3.3 శాతం. కొలిచి వేయించుకోవాలి. 265/65 అయితే కోతకి సిద్ధపడాలి.

265/60 ఆర్18 ఉన్న టయోటా హైలక్స్‌లో కంపెనీ టైరే 775 మి.మీ. దానికి 265/65 వేస్తే 3.4 శాతం. 275/65కి వెళ్తే 5 శాతం దాటుతుంది, వద్దు.

బండికి 245/70 ఆర్16 ఉంటే (749 మి.మీ.) దాని మీద 255/70 వేస్తే 1.9 శాతం, 245/75 వేస్తే 3.3, 265/70 వేస్తే 3.7. ఈ మూడింట్లో 245/75 మనకి నచ్చిన సైజు. ఎత్తు పెరుగుతుంది, వెడల్పు పెరగదు, అందుకని స్టీరింగు తిప్పినప్పుడు పక్కలకి తగిలే గొడవ తక్కువ.

215/75 ఆర్15 ఉన్నవాటికి 225/75 వేస్తే 2.1 శాతం, 235/75 వేస్తే 4.3. ఇక్కడ రిమ్ము వెడల్పు కూడా చూడాలి. 235/75 ఆర్15కి కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. అంతకన్నా సన్నని రిమ్ము మీద ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బి అక్కడే అరుగుతుంది, మలుపుల్లో పక్కగోడ ఊగుతుంది. రిమ్ము వెడల్పు సాధారణంగా రిమ్ము లోపలివైపే అచ్చు వేసి ఉంటుంది. అచ్చు ఊహించుకోకుండా చక్రం విప్పి చదవండి.

ఇంకో మాట. మీ మోడల్లోనే పై వేరియంట్‌కి కంపెనీ పెద్ద టైరు ఇస్తుంటే, ఛాసిస్, సస్పెన్షన్ ఒకటే అయితే, ఆ సైజుకి వెళ్లడం అన్నిటికన్నా క్షేమం. కొలతలూ, బ్రేకులూ ఆ టైరుతో కంపెనీ వాళ్లే పరీక్షించి ఉంటారు.

పసుపు బోర్డు బొలెరో పికప్ మాది. 7.00 ఆర్15 తీసేసి పెద్దవి వేయొచ్చా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకి మా జవాబు మారదు. జీడిపిక్కల బస్తా 80 కిలోలు. 20 బస్తాలు ఎత్తితే 1,600 కిలోలు. అలాంటి పని చేసే బండికి ఎత్తు కన్నా మోత ముఖ్యం. 7.00 ఆర్15 ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే సరుకు బండి రకం) టైరు ఆ మోతకే తయారైంది. దాని బదులు వెడల్పుగా, అందంగా కనిపించే కారు తరహా టైరు వేస్తే మోసే శక్తి పడిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పలాస నుంచి నరసన్నపేట వచ్చేలోపు పక్కగోడ వేడెక్కి పేలిపోవచ్చు. అదే సైజులో, అదే ప్లై రేటింగులో (టైరు గట్టిదనం చెప్పే అంకె), కాస్త లోతు ఎక్కువున్న గుబ్బల టైరు వెనక వేసుకోండి. పట్టు కావాల్సిన చోట అది దొరుకుతుంది.

లోడ్ ఇండెక్స్ అంటే ఏమిటి? షాపులో ఎవరూ చెప్పరే!

సైజు తర్వాత రాసి ఉండే అంకె అది. ఉదాహరణకి 265/60 ఆర్18 110 హెచ్ అని ఉంటే, 110 అంటే ఒక్క టైరు 1,060 కిలోలు మోయగలదని. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వరకు తట్టుకునే రకం. 104 అంటే 900 కిలోలు, 109 అంటే 1,030, 112 అంటే 1,120, 116 అంటే 1,250, 121 అంటే 1,450. ఎల్‌టీ టైర్ల మీద 121/118 అని రెండు అంకెలుంటే మొదటిది ఒంటి చక్రానికి, రెండోది జంట చక్రాలకి.

వెనక యాక్సిల్ మీద 1,800 కిలోలు పడుతుందనుకోండి. ఒక్కో టైరుకి 900, అంటే 104 సరిపోతుందని కాగితం మీద అనిపిస్తుంది. మలుపులో బరువు ఒక పక్కకి ఒరుగుతుంది, గోతిలో దెబ్బ పడుతుంది, గాలి రెండు మూడు పీఎస్ఐ తగ్గి ఉంటుంది. కాబట్టి అంచు మీద కొనకూడదు, 109కి తగ్గొద్దు. అన్నిటికన్నా ముందు కొత్త టైరు అంకె కంపెనీ టైరు అంకె కన్నా తక్కువ ఉండకూడదు. తక్కువ ఉంటే మిగతా లెక్కలేవీ అక్కర్లేదు, ఆ టైరు పక్కన పెట్టేయండి.

కొనేముందు బండి మీద ఎలా కొలవాలి?

బండిలో మామూలుగా ఎంత లోడు వేస్తారో అంత వేయండి. ఖాళీ బండి కొలతలకి విలువ లేదు. సమంగా ఉన్న సిమెంటు గచ్చు మీద ఆపి, టైర్లలో గాలి సరిచూసి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి.

చక్రాలు నేరుగా ఉన్నప్పుడు ముందు టైరుకీ లైనర్‌కీ మధ్య మూడు చోట్ల కొలవండి: ముందు బంపర్ వైపు, నడినెత్తిన, వెనక తలుపు వైపు. తర్వాత స్టీరింగు ఎడమకి ఆఖరి వరకు తిప్పి ఇంజను ఆపేసి మళ్లీ మూడు కొలతలు. కుడికి తిప్పి మళ్లీ. లోపలి వైపు సస్పెన్షన్ పై ఆర్మ్‌కీ, స్టెబిలైజర్ కడ్డీకీ, బ్రేకు గొట్టానికీ ఉన్న జాగా కూడా రాసుకోండి. స్టీరింగు దగ్గర మనిషి ఉండగా చక్రం వెనక చెయ్యి పెట్టకండి. తిప్పడం అయ్యాక, తాళం తీశాకే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు లెక్క. 255/60 నుంచి 265/65కి మారితే టైరు అన్ని వైపులా 19 మి.మీ. పెరుగుతుంది. వెడల్పు 10 మి.మీ. పెరిగితే లోపలికి 5, బయటికి 5. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు వెనక మూల 25 మి.మీ. జాగా కనిపించిందనుకుంటే కొత్త టైరుతో 6 మిగులుతుంది. అది చాలదు. నిలబడి ఉన్నప్పుడు కనీసం 12 మి.మీ., గోతుల రోడ్లయితే 20 ఉండాలి. బురద ముద్ద టైరుకి అంటుకుంటే అది కూడా జాగా తినేస్తుంది కదా.

ఇంతటితో అయిపోలేదు. ఒక ముందు చక్రాన్ని 8 అంగుళాల ఎత్తున్న గట్టి దిమ్మ మీదకి మెల్లగా ఎక్కించండి. విడి ఇటుకలు పేర్చి ఎక్కించొద్దు, జారుతాయి. ఆ వైపు సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుంటుంది. అలా ఉంచి స్టీరింగు రెండు వైపులా తిప్పించి, నడినెత్తిన జాగా, వెనక మూల జాగా చూడండి. అవతలి చక్రం అదే సమయంలో వేలాడుతుంది, దాని లోపలివైపు ఆర్మ్ దగ్గర కూడా చూడండి. ఇదంతా గంట పని. కొన్న టైరు రిమ్ము మీద ఎక్కితే షాపు వాళ్లు వెనక్కి తీసుకోరు. అందుకే ఈ గంట ఖర్చు పెట్టమంటాం.

టైరు తగులుతోందని ఎలా తెలుస్తుంది? శబ్దం రాలేదు మాకు.

శబ్దం రాకుండా కూడా తగులుతుంది. టైరు పక్కగోడ ఎక్కువగా బయటికి వచ్చే అంచు చుట్టూ సుద్దముక్కతో మందంగా పూసి, లైనర్ తడి గుడ్డతో తుడిచి, గుంతల రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి, ఒక యూ టర్న్ ఎడమకి, ఒకటి కుడికి తీసుకుని రండి. వంగి టార్చి వేసి చూడండి. లైనర్ మీద తెల్లటి గీత ఉందంటే తగిలిన చోటు అదే. బండి పాతదైతే సుద్ద కూడా అక్కర్లేదు: లైనర్ అంతా ఎర్రమట్టి దుమ్ముతో గరుకుగా ఉంటుంది, ఒక్కచోట మాత్రం అరచేయంత మేర నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తుంది. అక్కడ వేలు పెట్టి రాస్తే దుమ్ము అంటదు. రోజూ టైరు తుడుస్తున్న చోటు అది.

ప్లాస్టిక్‌కి అప్పుడప్పుడు తగిలితే ప్రమాదం లేదు. రేకు అంచుకి, బోల్టు తలకి, బ్రేకు గొట్టానికి, ఏబీఎస్ వైరుకి తగిలితే మాత్రం ఆ రోజే సరిచేయాలి. రేకు అంచు పక్కగోడని కత్తిలా కోస్తుంది, పక్కగోడ కోతకి ప్యాచ్ లేదు.

తగిలే చోట ఎలా సరిచేయాలి?

ముందు తేలికైనవి. కంపెనీ మడ్ ఫ్లాప్ విప్పి తగిలే మూల కోసి తిరిగి బిగించండి, లేదా మెత్తటి రబ్బరు ఫ్లాప్‌ని ఒక అంగుళం వెనక్కి జరిపి పెట్టండి. ఫ్లాప్ తీసేసి ఊరుకోకండి, వెనక వచ్చేవాళ్ల అద్దాల మీద కంకర పడుతుంది.

తర్వాత లైనర్. క్లిప్పులు విప్పి వెనక ఏముందో చూడండి. ఫాగ్ లైటు వైరు, అద్దం కడిగే నీళ్ల డబ్బా, ఏబీఎస్ వైరు అక్కడే ఉంటాయి. అవి పక్కకి కట్టేశాక హాట్ గన్‌తో ఒక జానెడు దూరం నుంచి వేడి చేసి, ప్లాస్టిక్ మెత్తబడగానే కర్రముక్కతో వెనక్కి నొక్కి, చల్లారేదాకా పట్టుకోండి. మంట పెట్టొద్దు, ప్లాస్టిక్ పెళుసెక్కి మొదటి వానాకాలంలోనే పగులుతుంది. పాత క్లిప్పు పట్టకపోతే వెడల్పు వాషరుతో బోల్టు బిగించండి, బోల్టు తల టైరు వైపు, పొడుగు అవతలి వైపు.

బంపర్ కింది మూల కోయాల్సి వస్తే పెన్సిల్ గీత గీసి, ఒక్కసారికి 5 మి.మీ. మాత్రమే కోసి మళ్లీ స్టీరింగు తిప్పి చూడండి. కోసింది తిరిగి అతకదు. రెండు పక్కలా ఒకే కొలత ఉండాలి.

ఆఖరుది రేకు. ముందు చక్రం వెనక, కాలు పెట్టే చోటుకి ముందు రెండు రేకులు కలిసి ఒక అంచులా నిలబడి ఉంటాయి. చాలా బళ్లలో పెద్ద టైరు తగిలేది దీనికే. దాన్ని కోయకూడదు. సుత్తితో మెల్లగా వెనక్కి పడుకోబెట్టాలి. పడుకోబెట్టేటప్పుడు రేకుల మధ్య సీలంటు పగులుతుంది. అక్కడే చాలామంది పని ఆపేసి ఇంటికి వెళ్లిపోతారు. పగిలిన పెయింటు గీకి, జింకు ప్రైమరు రెండు పూతలు, పైన సీలంటు, దాని మీద పెయింటు, ఆపైన అండర్‌కోటింగు. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలి దెబ్బ ఎక్కువ. ఒక్క వానాకాలం వదిలేస్తే కాళ్ల కింద కార్పెట్ తడిసి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. ఏటా వానలు అయ్యాక ఆ చోటు చూసుకోండి.

క్యాబిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటుని కోసేయమని ఎవరైనా చెబితే వినకండి. ప్రమాదం జరిగితే క్యాబిన్‌ని పట్టుకునేది అదే.

స్పేసర్లు (రిమ్ముకీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లలు) వేసి చక్రాన్ని బయటికి తెస్తే తగలదు కదా?

లోపలివైపు ఆర్మ్‌కి తగలదు, నిజమే. కానీ చక్రం బయటికి వచ్చినకొద్దీ స్టీరింగు తిప్పినప్పుడు అది తిరిగే వలయం పెద్దదవుతుంది. ఇదివరకు తగలని బంపర్ మూల ఇప్పుడు తగులుతుంది. బేరింగు మీద బరువు పక్కకి పడుతుంది, గోతిలో పడ్డప్పుడు స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది.

కొత్త రిమ్ములు కొనేటప్పుడు కూడా ఇదే విషయం. రిమ్ము మీద ఈటీ అని ఒక అంకె ఉంటుంది, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పేది. ఈటీ 33 నుంచి 20కి మారితే చక్రం 13 మి.మీ. బయటికి వస్తుంది. కంపెనీ అంకె మీద 10 లోపు తేడాలో ఉండండి. టైరు మడ్‌గార్డు గీత దాటి బయటికి కనిపిస్తోందంటే మితిమీరిందన్నమాట.

టార్షన్ బార్ (ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బిగించి ముందు ఎత్తు పెంచుకుంటే, వెనక ఇంకో కమాన్ పట్టీ వేస్తే?

అది లిఫ్టే, పేరు వేరు. టార్షన్ బార్ ఎక్కువ బిగిస్తే సస్పెన్షన్ కిందికి దిగే జాగా పోయి ప్రతి గోతికీ టక్కుమని కొడుతుంది, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి. కమాన్ పట్టీ అదనంగా వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు వెనక గెంతుతుంది. పాతబడి వాలిపోయిన కమాన్ కట్టని మార్చి మొదటి ఎత్తుకి తేవడం వేరు, అది తప్పకుండా చేయించండి. నిండు లోడుతో వెనక టైరు తొట్టి అడుగుకి కొడుతోందంటే తప్పు టైరుది కాదు, లోడు ఎక్కువైంది.

మీటరు, మైలేజీ ఏమవుతాయి?

టైరు 5 శాతం పెద్దదైతే మీటరు 60 చూపించినప్పుడు బండి 63లో వెళ్తుంది. 80 చూపిస్తే 84. స్పీడ్ గవర్నర్ 80కి కట్టిన బండి కూడా నిజానికి 84 దాకా పోతుంది. ఎచ్చెర్ల నుంచి రణస్థలం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఖాళీ చోట, పక్కన కూర్చున్నవాళ్లు ఫోనులో జీపీఎస్ వేగం చూస్తూ మీటరుతో పోల్చండి. కంపెనీ మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి 2, 3 శాతం మార్పు అందులోనే సర్దుకుపోతుంది.

మైలేజీ లెక్కలో చాలామంది పొరబడతారు. ట్యాంకు నింపి మీటరు మీద 600 కిలోమీటర్లు నడిపి మళ్లీ నింపితే 52 లీటర్లు పట్టిందనుకోండి. లీటరుకి 11.5 అనుకుంటారు. నిజంగా బండి నడిచింది 630, అంటే 12.1. పెద్ద టైరు వల్ల మైలేజీ కొంత తగ్గుతుంది, కానీ కనిపించినంత కాదు. సర్వీసు మాత్రం మీటరు చూపినదానికన్నా ముందే చేయించాలి. 10,000కి చేయాల్సిన ఆయిల్ మార్పు మీటరు 9,500 చూపించేసరికే.

ఘాట్ ఎక్కేటప్పుడు లాగుతుందా?

విజయనగరం నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు రహదారి మీద తేడా బాగా తెలుస్తుంది. టైరు 5 శాతం పెద్దదైతే చక్రం దగ్గర లాగే శక్తి అంత మేర తగ్గుతుంది. మూడో గేరులో ఎక్కే మలుపు రెండో గేరు అడుగుతుంది. ఖాళీ బండికి ఫరవాలేదు. లోడుతో ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ ఎక్కువసేపు జారుతుంది, కాలిన వాసన వస్తుంది. దిగేటప్పుడు ఇంజను బ్రేకు కూడా తగ్గుతుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. నెలకి నాలుగుసార్లు ఆ ఘాట్ ఎక్కే బండికి 2 శాతం దాటొద్దు.

వెనక రెండింటికే పెద్దవి వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరుగుతుంటే ఏబీఎస్ అయోమయపడి లైటు వెలుగుతుంది. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండికి ఇంకా ప్రమాదం. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేలా) పెట్టగానే ముందు, వెనక షాఫ్టులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుని ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేరు పెట్టె) దెబ్బతింటుంది. నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే నమూనావి వేయించండి.

స్టెప్నీ సంగతి?

అయిదోది కూడా అదే సైజు కొనండి. కానీ తొట్టి కింద వేలాడే చోట పెద్ద టైరు పడుతుందో లేదో ముందే చూడండి. సైలెన్సర్‌కి తగలకూడదు, డిఫరెన్షియల్ పైకి వచ్చినప్పుడు కొట్టుకోకూడదు. పట్టకపోతే తొట్టిలో బిగించుకోవాలి. పాత సైజు స్టెప్నీతోనే కొన్నాళ్లు నడపాల్సి వస్తే, 50 దాటకుండా దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా మాత్రమే. అప్పుడు 4హెచ్‌ జోలికి పోవద్దు.

బురదకి ఏ రకం, ఇసుకకి ఏ రకం?

ఈ ప్రశ్న సైజు ప్రశ్న కన్నా ముందు రావాలి. మడి గట్ల పక్క దారుల్లో, వరి కళ్లాల దగ్గర బండి దిగబడేది టైరు చిన్నదై కాదు, గుబ్బల మధ్య బురద నిండి టైరు నున్నగా గుండులా అయిపోయి. అక్కడ పనికొచ్చేది గుబ్బలు దూరదూరంగా ఉన్న ఎం/టీ (మడ్ టెర్రైన్) రకం, తిరుగుతుంటే బురద తనే విదిల్చుకుంటుంది. కానీ తారు రోడ్డు మీద హోరు, తడి సిమెంటు రోడ్డు మీద బ్రేకు దూరం ఎక్కువ, అరుగుదల తొందర. వారంలో ఆరు రోజులు హైవే, ఒక రోజు పొలం అయితే ఏ/టీ (ఆల్ టెర్రైన్, అన్ని దారులకీ) రకం చాలు. ఉద్దానం ఇసుకలో గుబ్బలు లోతుగా ఉంటే ఇసుకని తవ్వి దిగిపోతాయి. అక్కడ వెడల్పు టైరు, తక్కువ గాలి పని చేస్తాయి.

గాలి ఎంత పెట్టాలి?

తలుపు పక్కన స్తంభం మీద అంటించిన కంపెనీ అంకెతో మొదలుపెట్టండి. టైరు రకం మారి సీ (కమర్షియల్) లేదా ఎల్‌టీ అయితే అదే బరువుకి ఎక్కువ గాలి కావాలి, టైరు కంపెనీ పట్టిక అడగండి. సరిపోయిందో లేదో చూసే ఉపాయం: టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి నేరుగా వంద మీటర్లు నడపండి. మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసేయకండి. ఇసుకలో ఖాళీ బండికి 18, 20 పీఎస్ఐకి దించి మెల్లగా నడపొచ్చు. రోడ్డెక్కగానే నింపాలి, గాలి కొట్టే మెషీను బండిలో లేకపోతే దించొద్దు. లోడు బండికి ఎప్పుడూ దించొద్దు.

పెద్ద టైర్లుంటే వానాకాలంలో గెడ్డలు దాటొచ్చా?

బండి లేచింది ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. ఇంజను గాలి పీల్చే గొట్టం అంతే లేచింది. పొంగుతున్న గెడ్డ బండిని పక్కకి తోసేయడానికి అది ఏ అడ్డూ కాదు. కల్వర్టు మీద నీళ్లు పారుతూ కింద రోడ్డు కనపడకపోతే ఆగండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటారా? ఇన్సూరెన్సు మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షను మీదే అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే నిబంధన వచ్చింది. రవాణా బండికి రిజిస్ట్రేషన్ వివరాల్లోనే టైరు సైజు కూడా నమోదై ఉంటుంది. అందుకని పసుపు బోర్డు బండికి సైజు మారిస్తే ఫిట్‌నెస్‌లో దొరికిపోతుంది. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కదా. తెల్ల బోర్డు బండి అయినా కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చే సైజుల్లోనే ఉంటే గొడవ లేదు. అది దాటాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా వేయిస్తే ప్రమాదం జరిగాక క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. వారంటీలో ఉన్న బండికి బేరింగు, స్టీరింగు భాగాలు పోతే కంపెనీ ఇవ్వననొచ్చు.

అరుగుదలకి కూడా చట్టం ఉంది: గాడి లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గకూడదు. గాడుల్లో అక్కడక్కడ కనిపించే చిన్న రబ్బరు గట్టుతో టైరు సమమైపోయిందంటే దాని పని అయిపోయినట్టే.

షాపులో టైరు చేతికిచ్చాక ఏం చూడాలి?

ఐఎస్ఐ గుర్తు. తర్వాత పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు: 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. ఏడాది దాటిన సరుకు అయితే వేరేది అడగండి, అడిగే హక్కు మీకుంది. నాలుగు టైర్ల తేదీలూ దగ్గరదగ్గరగా ఉండాలి. రీట్రెడ్ టైరు ముందు చక్రానికి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

బిగించాక?

నట్లు నక్షత్రం వరసలో, ఎదురెదురుగా, టార్క్ రెంచితో, బండి పుస్తకంలో ఉన్న కొలతకి బిగించాలి. గాలి గన్నుతో టకటకా బిగించి వదిలేస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగింపు చూడాలి. కొత్త రిమ్ములైతే ఇది మరీ ముఖ్యం. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు ఆ రోజే చేయించండి. అలైన్‌మెంటు వాళ్లని క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) కూడా చూడమనండి, సర్దే వీలున్న బళ్లలో ముందు చక్రాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకి జరిపి వెనక మూల జాగా సంపాదించవచ్చు. మొదటి 500 కిలోమీటర్లలో ఒకసారి పూర్తి లోడుతో సుద్ద పరీక్ష మళ్లీ చేయండి. 8,000 నుంచి 10,000 మధ్య చక్రాలు ముందు వెనక మార్చండి.

పాత టైర్లు షాపులో ఇచ్చేయొచ్చా?

ఇంకా గాడి ఉంటే వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా ఇవ్వకండి. ఎక్కడో తగులుతూ సర్దుబాటు కుదరకపోతే తిరిగి ఎక్కించుకోవడానికి అవే ఉంటాయి. ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బస్తాలు వేయకండి.